నాలుగో అంతస్తులో గొర్రె

ఇన్షిరాహ్ ఇంట్లో గొర్రె ఉందన్న మాట మొదట ఎవరి నోట్లోంచి వచ్చిందో ఇవాళ్టికీ ఎవరూ ఒప్పుకోరు. దర్బ్ అల్ అహ్మర్ పేటలో డేరాలు కుట్టేవాళ్ళ వీధి దాటాక వచ్చే ఆ ఐదంతస్తుల మేడలో అడిగి చూడండి. మూడో అంతస్తు వాళ్ళు రెండో అంతస్తు వాళ్ళని చూపిస్తారు. రెండో అంతస్తు వాళ్ళు మెట్ల కింద ఉండే కాపలాదారు ఇద్రీస్‌ని చూపిస్తారు. ఇద్రీస్ ఆకాశాన్ని చూపిస్తాడు. మొత్తానికి బక్రీదు ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఒక మంగళవారం పొద్దెక్కేసరికి, ఆ గొర్రె సంగతి తెలియని మనిషి మేడ మొత్తంలో ఒక్కరే మిగిలారు. ఆ ఒక్కరూ ఇన్షిరాహే.

ఆమెకి యాభై ఆరేళ్ళు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెని చూసినవాళ్ళు లేరు. పెళ్ళిళ్ళలో కూడా నగల మధ్య అది వేలాడుతూనే ఉంటుంది. భర్త అబ్దుల్ బారీ ట్రాము కండక్టరుగా చేసి, పోయి పదేళ్ళయింది. పిల్లలు లేరు. తమ్ముడి కూతురు రీహామ్ చిన్నప్పటినుంచీ ఆమె కుట్టుమిషను కిందే ఆడుకుని పెరిగింది.

కుట్టుపని ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఏడేళ్ళప్పుడు తాతగారు పోతే వీధిలో డేరా వేశారు. ఎర్రా నీలం తెలుపు ముక్కలతో పువ్వులూ తీగలూ కుట్టిన డేరా గుడ్డ. లోపల అందరూ ఏడుస్తుంటే, ఈమె ఆ గుడ్డకేసి కళ్ళార్పకుండా చూసి, "అమ్మా, ఆ ఎర్ర ముక్క కింద కూడా ఎరుపే ఉంటుందా, లేక ఖాళీయా?" అని గట్టిగా అడిగింది. వాళ్ళమ్మ తొడపాశం పెట్టింది. ఈమె అప్పుడు ఏడ్చింది. ఎంత ప్రేమో తాతంటే, అనుకున్నారు వచ్చినవాళ్ళు. పన్నెండేళ్ళకి పాతగుడ్డలవాడి దగ్గర చిరిగిన డేరా ముక్క సంపాదించి, కుట్టు కుట్టూ విప్పి, ఆ ప్రశ్నకి తనే జవాబు చూసుకుంది. ఖాళీయే. ఇక ఆ రోజునుంచి మాటలమీద ఆమెకి పెద్దగా నమ్మకం లేదు. దేన్నైనా విప్పి చూడాలి, మళ్ళీ కుట్టాలి, అంతే.

ఆ మధ్య రీహామ్‌కి సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు ఎక్కడివాడో కాదు, ఇన్షిరాహ్ ఇంటికి సరిగ్గా కిందింటివాడు, మూడో అంతస్తు మిద్హత్. కుర్రాడు మంచివాడు. వాళ్ళమ్మ, హజ్ చేసొచ్చిన హాజ్జా ఫౌకియాకీ, ఇన్షిరాహ్‌కీ మాత్రం ఇరవై ఏళ్ళుగా ఆరేసిన బట్టల నీళ్ళ దగ్గర పేచీ ఉంది. నిశ్చితార్థం రోజున మిఠాయి పళ్ళెం పట్టుకుని రీహామ్ అందరిముందూ అనేసింది:

"అత్తా, నా పెళ్ళి రజాయి మామూలు గులాబీ శాటిన్‌ది వద్దు. నువ్వు ముక్కలు అతికి కుడతావే, నక్షత్రాలది, అది కావాలి."

ఫౌకియా నోట్లో మిఠాయి అలాగే ఆగిపోయింది. "బొంతా?" అంది. "మా వాడి పెళ్ళికి బొంతా? మిద్హత్ వాళ్ళ నాన్న కరెంటాఫీసులో ముప్పై ఏళ్ళు చేశాడు తల్లీ. గుమ్మం గుమ్మం తిరిగి పాత పేలికలు అడుక్కోలేదు."

ఆ బొంత అన్న మాట ఇన్షిరాహ్ గుండెలో గుండుసూదిలా దిగింది. బయటికి మాత్రం, "శాటిన్ జారిపోతుంది వదినా, ముక్కలు జారవు" అని ఊరుకుంది.

ఫౌకియా ఊరుకోలేదు. మర్నాడే గులాబీ శాటిన్ కొని సబ్రీ మేస్త్రికి ఇచ్చి వచ్చింది. దూది ఏకి పెళ్ళి రజాయిలు కుట్టడంలో ఆ పేటలో సబ్రీని మించినవాడు లేడు. పెళ్ళికి ముందు గురువారం వీధిలో పరదాలు పరిచి, డప్పు మోగుతుంటే, షర్బత్ పంచుతుంటే, అందరి కళ్ళముందూ అతను రజాయి కుడతాడు. వధువు ఇంటి పరువు ఆ దూదిలోనే ఉంటుందంటారు. సబ్రీ రెండు వైపుల మాటా విని తీర్పు చెప్పాడు.

"గురువారం మధ్యాహ్నం నమాజు వేళకి ఇన్షిరాహమ్మ పైగుడ్డ నా చేతికి రావాలి. పళ్ళెంలో నీళ్ళలా పరుచుకోవాలి. ఎక్కడైనా ఒక్క కుట్టు ఉబ్బెత్తుగా ఉందా, నా సూది దాంట్లో దిగదు. శాటిన్ నా సంచీలోనే ఉంటుంది."

అదీ పందెం. అందుకని అత్తా మేనకోడలూ ఒక ఒట్టు పెట్టుకున్నారు: గురువారం దాకా ఆ నక్షత్రాల గుడ్డకి ఎవరి కంటిచూపు కూడా తగలకూడదు. ముఖ్యంగా కిందింటావిడకి.

నక్షత్రాల పనిలో చిక్కంతా ఇస్త్రీ దగ్గరే. ఒక్కో గడిలో పదిహేడు ముక్కలు. ఏడు వరసలు, వరసకి ఏడు గడులు. ముక్కోణాల మొనలన్నీ ఒకదాన్నొకటి ముద్దుపెట్టుకున్నట్టు కలవాలి. ఇన్షిరాహ్ అన్నాళ్ళూ మడత దుప్పటిమీద ఇస్త్రీ చేసేది. దుప్పటి జారేది, దాంతోపాటు గుడ్డ సాగేది, నాలుగు పలకల గడి కాస్తా వంకర గుమ్మడి ముక్కయ్యేది. ఒకరోజు జీన్లు కుట్టేవాడి కొట్టుముందు నిలబడి, అతను గాడిద జీను అంచుని మందపాటి ఉన్ని దిమ్మమీద పెట్టి వేడి ఇనుముతో నొక్కడం చూసింది. గుడ్డ కదల్లేదు. కుట్టు మడత ఉన్నిలోకి దిగిపోయింది, పైన గీత కూడా కనపడలేదు. ఆమె అక్కడే కొలతల టేపు తీసింది. ఆ సాయంత్రమే ఉన్ని టోపీలు చేసే బస్యూనీ తాత దగ్గరికి వెళ్ళింది.

"ఉన్ని పట్టా కావాలి తాతా. రెండు వేళ్ళ మందం. మూర పొడుగు, మూర వెడల్పు."

"గాడిదకా?"

"ఇస్త్రీకి."

"ఇస్త్రీకి గాడిదెందుకమ్మా?" అన్నాడు ముసలాయన, నిజంగానే కంగారుపడుతూ.

మొత్తంమీద అర్థం చేసుకున్నాడు. సబ్బునీళ్ళు పోసి, చాపలో చుట్టి, వారం రోజులు తొక్కి తొక్కి, రాయిలాంటి పట్టా చేసిచ్చాడు. ఆమె దాన్ని గోనెసంచీలో చుట్టుకుని మెట్లెక్కింది. సంచీ చిరుగులోంచి గుప్పెడు తెల్ల ఉన్ని బయటికి వేలాడుతూనే ఉంది. అది ఆమె చూసుకోలేదు. ఇద్రీస్ చూశాడు.

ఇక ఇన్షిరాహ్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ పట్టామీద ఇస్త్రీ పెడితే కింద ఉన్ని వేడిని పట్టుకుని తిరిగి పైకి పంపుతుంది. గుడ్డకి ముందూ వెనకా ఒక్కసారే నొక్కుడు పడుతుంది. గడి నాలుగు మూలలా గుండుసూదులు దింపితే పట్టా వాటిని కరిచి పట్టుకుంటుంది. ముందు కుట్టుని కుట్టినట్టే నొక్కాలి. తర్వాత మడతని ముదురు రంగు వైపు వాల్చి, వేళ్ళు ముంచి నాలుగు చుక్కలు విదిల్చి, ఇస్త్రీపెట్టె దించాలి, ఎత్తాలి. దించాలి, ఎత్తాలి. లాగారో, చచ్చారే. ఆపైన వేడి దిగిపోయేదాకా ఒక బరువు చెక్కదిమ్మని టక్కున మోపి ఉంచాలి. తీసి చూస్తే, ఆహా, అద్దం! మొదటి నక్షత్రం అలా తేలినప్పుడు ఆమె గదిలో ఒంటరిగా ఉండి కూడా చెయ్యి నోటికడ్డం పెట్టుకుని, నాలుక ఆడిస్తూ, ఆడవాళ్ళు వేసే పెళ్ళికూత కూసింది.

మొదటిరోజే ఒక నష్టం జరిగింది. పట్టా పరిచింది అబ్దుల్ బారీ డామినోలు ఆడే బల్లమీద. ఆవిరి పట్టాలోంచి దిగి, పాలిషంతా తెల్లగా బూజు పట్టినట్టయింది. ఆమె గోడమీది ఫొటోకేసి చూసి, "ఏమనుకోకు. నువ్వు ముప్పై ఏళ్ళు కొట్టినా చెక్కుచెదరనిది నేను ఒక్కపూటలో పాడుచేశాను. నీకంటే నేనే గట్టిదాన్ని" అంది. తర్వాతనుంచి అడుగున రొట్టెల చెక్క వేసుకుంది. పని కాగానే పట్టాని బాల్కనీ పిట్టగోడకి ఆనించి ఆరబెట్టేది.

ఆ బాల్కనీకి సరిగ్గా కింద ఫౌకియా బాల్కనీ ఉంది. ఉన్ని తడిస్తే ఏ వాసన వేస్తుందో గొర్రెనడగాలి. ఎన్నిసార్లు తొక్కినా, ఎంత సబ్బు పోసినా, వేడినీటి ఆవిరి తగిలేసరికి ఆ పట్టాకి తన పూర్వజన్మ గుర్తొచ్చేది.

సోమవారం ఫౌకియా మెట్ల దగ్గరికొచ్చి కేకేసింది. "ఇద్రీస్! పైకి రా. ముక్కుతో రా."

"ముక్కు ఇంట్లో పెట్టి ఎప్పుడొచ్చాను హాజ్జా?"

ఇద్దరూ బాల్కనీలో నిలబడి పీల్చారు. పైనుంచి చల్లగాలితోపాటు దిగింది, వానలో తడిసిన మంద వాసన. దాంతోపాటే, టక్. కొంచెంసేపటికి, టక్.

"గిట్టలు" అంది ఫౌకియా.

"సంచీలో ఏదో మోసుకెళ్ళింది. ఉన్ని నా కళ్ళతో చూశాను" అన్నాడు ఇద్రీస్. "నిన్న మూడు కట్టల ఆకుకూర కూడా తీసుకెళ్ళింది. మనిషి చూస్తే ఒక్కతే. మూడు కట్టల ములుఖియా ఎవరు తింటారు?"

"తలుపు కూడా తియ్యడం లేదు. ఉప్పు అడగడానికెళితే చెయ్యి మాత్రం బయటపెట్టింది." ఫౌకియా నడుంమీద చేతులు వేసుకుంది. "నాకొక న్యాయం, ఆవిడకొక న్యాయమా?"

ఆవిడ బాధ ఊరికే పుట్టింది కాదు. కిందటేడు బక్రీదుకి ఆవిడే ఒక పొట్టేలుని డాబామీద కట్టేసింది. అది తాడు తెంపుకుని మెట్లు దిగి, రెండో అంతస్తు వకీలుగారింట్లో దూరి, ఒక వారసత్వపు దావా కాగితాల్లో అన్నదమ్ముల వాటా మొత్తం నమిలేసింది. అప్పటినుంచీ మెట్ల దగ్గర గోడమీద ఇద్రీస్ పెద్ద అక్షరాలతో రాయించాడు: గొర్రెలు మెట్లెక్కరాదు. ఇప్పుడు పెళ్ళివారిముందు గొప్పకోసం ఆడపెళ్ళివాళ్ళు దొంగచాటుగా గొర్రెని మేపుతున్నారన్నమాట! తన గుమ్మంలోనే కోసి తన పరువు తీస్తారన్నమాట! ఫౌకియాకి ఆ పూట భోజనం సయించలేదు.

మంగళవారం తెల్లారినప్పటినుంచీ ఇన్షిరాహ్ తలుపు మోగడం మొదలైంది. ఒకావిడ పుచ్చకాయ తొక్కలు తెచ్చింది. "పారెయ్యడమెందుకు, నీకు పనికొస్తాయేమోనని." ఒకావిడ ఎండురొట్టెలు తెచ్చింది. వకీలుగారు తలుపు అవతల నిలబడి, "నా ఫైళ్ళన్నీ ఇనప బీరువాలో పెట్టాను, మీకు తెలియడం మంచిదని చెబుతున్నా" అని వెళ్ళిపోయాడు. ఎండలకి అందరికీ మతి పోతోంది అనుకుంది ఇన్షిరాహ్. తలుపు తీసిన ప్రతిసారీ ఇస్త్రీ చల్లారేది, చల్లారిన ప్రతిసారీ ఒక నక్షత్రం వెనకబడేది.

బుధవారం ఉదయం కసాయి అత్వా వచ్చాడు. ఫౌకియా పంపింది. పీపాలాంటి మనిషి, మీసాలు రెండు కత్తుల్లా ఉంటాయి. తలుపు సందులోంచి వినయంగా అడిగాడు:

"అమ్మా, మరి ఎప్పుడు కోద్దామంటారు?"

"కొయ్యడమా?" అంది ఇన్షిరాహ్, నోట్లో గుండుసూదులతో. "కొయ్యడం ఎప్పుడో అయిపోయింది నాయనా."

అత్వా మీసాలు వాలిపోయాయి. "అయిపోయిందా! పండుగ నమాజు కాకముందేనా? ఎవరు కోశారు?"

"నేనే. నా కత్తెరతోనే."

"కత్తెరతో!"

"మరేం, పదునుగా ఉంటుంది. మొత్తం ఎనిమిది వందల ముప్పై మూడు ముక్కలు. లెక్కపెట్టుకున్నాను."

అత్వా గోడ పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళ వృత్తిలో ఒంటెని కూడా అన్ని ముక్కలు చేసి ఎరగడు. "మరి... ఇప్పుడేం చేస్తున్నారు?"

"తిరిగి కుడుతున్నాను. రేపు మధ్యాహ్నానికి పూర్తి కావాలి. నువ్వింక వెళ్ళు, వేడి పోతోంది."

అత్వా మెట్లు దిగాడని చెప్పలేం, దొర్లాడనాలి. అతను కిందికి చేరేలోపే కబురు ఐదో అంతస్తుకి చేరింది: ఇన్షిరాహమ్మకి మతి చలించింది, గొర్రెని కత్తెరతో కోసి మళ్ళీ కుట్టి బతికిస్తోంది.

ఆ మధ్యాహ్నానికి ఐదు వరసలు అతికి మంచమ్మీద పరుచుకుని ఉన్నాయి. ఇంకా రెండు వరసలు కావాలి. వాటిలో తొమ్మిది గడులు ఇస్త్రీ కాలేదు. మామూలుగా అయితే సరిపోయే పొద్దే. కానీ చెయ్యి అలిసిపోయింది. ఇన్షిరాహ్ చెక్కదిమ్మ మోపి, వేడి దిగేదాకా కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళలో గులాబీ శాటిన్ కనపడింది. ఉలిక్కిపడి తెరిచింది.

అప్పుడే తలుపు మోగింది. ఈసారి ఒక చెయ్యి కాదు, పది చేతులు.

"వదినా!" అంది ఫౌకియా గొంతు, ఎప్పుడూ లేనంత మెత్తగా. "తలుపు తియ్యమ్మా. నిన్నెవరూ ఏమీ అనరు. ఇద్రీస్ బాబాయి ఉన్నాడు, అత్వా ఉన్నాడు. జరిగిందేదో జరిగింది. మిగిలిన భాగమైనా కాపాడదాం."

"నాకెవరూ అక్కర్లేదు! రేపు రండి!"

"రేపటికి కంపు కొడుతుంది తల్లీ!" అన్నాడు అత్వా.

గడియ పాతది. పది చేతుల ముందు ఎంతసేపు నిలుస్తుంది? ఊడి పడింది. మంద దొడ్లో పడ్డట్టు అందరూ లోపల పడ్డారు. ఫౌకియా ముందు మంచం కింద చూసింది. ఇద్రీస్ బీరువా తెరిచాడు. వకీలుగారు స్నానాలగది తలుపుని దూరంనుంచి గొడుగుతో నెట్టాడు. ఎక్కడా తోక లేదు. ఇన్షిరాహ్ మంచమ్మీది గుడ్డకి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడిపోయింది, రైలుకి అడ్డం నిలబడ్డట్టు.

అత్వా ఒక్కడే తన పనిమీద ఉన్నాడు. ముక్కు పట్టిన దారిలో నడిచి, పట్టా ముందు మోకాళ్ళమీద కూర్చుని, కళ్ళు మూసుకుని దీర్ఘంగా పీల్చాడు.

"బర్కీ జాతి" అన్నాడు. "పొట్టేలు. మూడేళ్ళు దాటింది. సముద్రం వైపు మేసింది." కళ్ళు తెరిచాడు. "హాజ్జా, ఇక్కడ ఉన్ని మాత్రమే ఉంది. మిగతా గొర్రె రాలేదు."

ఇన్షిరాహ్ నోట్లో గుండుసూదులు ఒక్కొక్కటీ తీసి పట్టాలో గుచ్చింది. "గొర్రేంటి?" అంది.

అందరూ ఒకేసారి చెప్పారు. చెబుతూ చెబుతూ మధ్యలో తమకే నవ్వొచ్చింది. "ఎనిమిది వందల ముప్పై మూడు" అన్న మాట దగ్గరికొచ్చేసరికి ఇద్రీస్ బీరువాలోనే కూలబడి నవ్వాడు. ఇన్షిరాహ్ మొదట గుడ్లు మిటకరించింది, తర్వాత అత్వా మొహం గుర్తొచ్చి, పక్కలు పట్టుకుని, నవ్వుతూ నవ్వుతూ పక్కకి ఒరిగింది. ఒరగడంతో ఆమె అడ్డు తొలిగింది. వెనక ముప్పై అయిదు నక్షత్రాలు ఒక్కసారిగా బయటపడ్డాయి.

నవ్వు ఆగింది.

ఫౌకియా ముందుకొచ్చింది. పైవైపు చూడలేదు. అంచు పట్టుకుని గుడ్డని తిరగేసింది. ఆవిడ చొక్కాల దర్జీ కూతురు. ఏ పనినైనా వెనకనుంచే చూస్తుంది. వెనక మడతలన్నీ సర్దుకుని పడుకున్నాయి. ఎనిమిది మొనలు కలిసే చోట వేలితో రాసింది. వేలికి ఏమీ తగల్లేదు. మళ్ళీ రాసింది.

"ఇది ఎలా అణిగింది?" అంది. బొంత అనలేదు.

జవాబుకోసం ఆగకుండా, పట్టామీదున్న గడిమీద ఇస్త్రీపెట్టె పెట్టి, చొక్కా వీపుమీద లాగినట్టు ఈ చివరినుంచి ఆ చివరికి బర్రున లాగింది.

ఫట్!

ఇన్షిరాహ్ చెయ్యి దానంతటదే లేచి ఫౌకియా వేళ్ళమీద పడింది. "ఈడవకు! నొక్కు! గుడ్డ సాగుతుంది!"

పెళ్ళికూతురి మేనత్త, రజాయి రోజుకి ఒక్కరోజు ముందు, పెళ్ళికొడుకు తల్లిని పదిమందిలో కొట్టింది. సరిగ్గా అప్పుడే గోల విని పరిగెత్తుకొచ్చిన రీహామ్ గుమ్మంలో రాయైపోయింది. ఇద్రీస్ నెమ్మదిగా బీరువా తలుపు లోపలినుంచి మూసుకున్నాడు.

ఫౌకియా తన చేతికేసి చూసుకుంది.

"మా నాన్న కూడా ఈ వేళ్ళమీదే కొట్టేవాడు" అంది. "ఇదే మాట చెప్పి కొట్టేవాడు. చొక్కా కాలరు నొక్కాలే, ఈడవకూడదే అని." ముక్కు ఎగబీల్చింది. "ఆ గొర్రెకంపు ఒకటి, కళ్ళు మండుతున్నాయి. నీళ్ళెన్ని చల్లాలి?"

"వేళ్ళు ముంచి విదిల్చినన్ని, వదినా."

"ఎంతసేపు?"

"మూడు లెక్కపెట్టి ఎత్తు. తర్వాత దిమ్మ."

"ఒరే అత్వా, ఆ దిమ్మ పట్టుకో. నీ బరువు ఇన్నాళ్ళకి పనికొచ్చింది. ఇద్రీస్! బయటికి రా, నిన్నెవరూ కొయ్యరు. గుండుసూదులు అందించు. నువ్వేంటమ్మాయ్ అలా చూస్తావు? మీ అత్తకి టీ పెట్టు. నాకు చక్కెర రెండు చెంచాలు."

సాయంత్రం నమాజుకి పిలుపు వినపడేసరికి రెండు వరసలూ తయారయ్యాయి, చీకటి పడకముందే ఏడూ అతికాయి. ఫౌకియా ముందు లాగిన ఆ ఒక్క గడి మాత్రం కొంచెం పొంగుగానే కనపడింది. తర్వాత చూద్దాంలే అనుకుని వరసలో కుట్టేశారు. అదే పొరపాటు.

గురువారం వీధిలో పరదాలు పరిచారు. డప్పు మోగింది. సబ్రీ మేస్త్రి విల్లుతో ఏకుతుంటే దూది మబ్బులు మబ్బులుగా లేచి అందరి జుట్టూ నెరిపించింది. నమాజు కాగానే అతను ఒక వెడల్పాటి చెక్కమీద నక్షత్రాల గుడ్డ పరిచి, జేబులోంచి ఒక శనగగింజ తీశాడు.

"ఇది చెప్పింది చెల్లుతుంది" అన్నాడు.

డప్పు ఆగింది. చెక్కని ఒకవైపు కొంచెం ఎత్తి, గింజని వదిలాడు. గింజ దొర్లింది. ఒక నక్షత్రం, రెండో నక్షత్రం. ఒక వరస తర్వాత ఇంకో వరస. ఇన్షిరాహ్ కొలతల టేపుని గుప్పిట్లో చుట్టుకుంది. ఆరో వరసలో, మూడో గడిలో, గింజ ఆగిపోయింది.

సబ్రీ వంగి వేలితో తడిమాడు. సంచీ వైపు చెయ్యి చాచాడు. సంచీ మూతిలో గులాబీ రంగు మెరిసింది.

"ఇది ఒక చెయ్యి పని కాదు" అన్నాడు. "ఈ గడిని ఎవరో ఈడ్చారు. ఎవరది?"

ఇన్షిరాహ్ నోరు తెరవలేదు. నోటితో ఏం చెప్పాలన్నా ఇంకొకరి పేరు చెప్పాలి. వీధి వీధంతా చూస్తోంది. ఫౌకియా గొంతు సవరించుకుంది.

"గొర్రె" అంది.

"ఏ గొర్రె?"

"నాలుగో అంతస్తులో దూరిన గొర్రె మేస్త్రీ! నిన్న తలుపు విరగ్గొట్టుకుని దూరింది. ఇదిగో, నీ ఎదురుగా నిలబడింది. ఆ సంచీమీంచి చెయ్యి తియ్యి, ఈ గొర్రె తన తప్పు తనే దిద్దుకుంటుంది."

నవ్వు వీధి చివరిదాకా పాకింది. ఇద్రీస్ పట్టాని నెత్తిన పెట్టుకుని నాలుగంతస్తులు దిగాడు. పప్పులమ్మే కొట్టులోంచి కరెంటు తీగ లాగారు. గడి కింద పట్టా దూర్చి, మూలలకి సూదులు దింపి, సాగిన గుడ్డని చుక్కనీళ్ళతో మధ్యకి నెడుతూ, ఫౌకియా ఇస్త్రీపెట్టె దించింది. ఎత్తింది. దించింది, ఎత్తింది. వెనకాల వీధి మొత్తం లెక్కపెట్టింది: ఒకటి, రెండు, మూడు! ఇన్షిరాహ్ చెక్కదిమ్మని టక్కున మోపి, వేడి దిగేదాకా దానిమీద తనే కూర్చుంది. పెళ్ళి నగలూ టేపూ అన్నీ వేసుకుని.

శనగగింజ మళ్ళీ బయల్దేరింది. ఆరో వరస, మూడో గడి. ఆగలేదు. దాటి, చివరి అంచుదాకా దొర్లి, చెక్కమీంచి దూకి, అత్వా చెప్పులో పడింది. ఆ తర్వాత లేచిన పెళ్ళికూతలకి పావురాలు మూడు వీధులు దాటి ఎగిరిపోయాయి. సబ్రీ సూదికి దారం ఎక్కించాడు.

"అడుగుగుడ్డ?" అన్నాడు.

ఇన్షిరాహ్ చంకలో మడిచిన తెల్ల బట్ట ఉంది. అడుక్కి వెయ్యడానికి తెచ్చిందే. ఆమె దాన్ని ఇంకాస్త గట్టిగా చంకలో ఇరికించుకుంది. "ఆ గులాబీ శాటిన్ తియ్యి మేస్త్రీ. మా వదిన కొన్నది. అడుగున జారినా ఫరవాలేదు, పైన మా నక్షత్రాలు పట్టుకుంటాయి."

బక్రీదుకి రెండు రోజుల ముందు ఫౌకియా కొన్న పొట్టేలు వచ్చింది. బుద్ధిగా కింద, మెట్ల పక్కనే కట్టేశారు. అది వచ్చినప్పటినుంచీ మేత ముట్టకుండా, మెడ ఎత్తి నాలుగో అంతస్తు కేసి చూస్తూ ఒకటే అరుపు. పైన ఇన్షిరాహ్ కొత్తగా వచ్చిన ఇంకో పెళ్ళి రజాయికి ఆ పూట పని ముగించి, పట్టాని పిట్టగోడకి ఆరబెట్టింది. మూడో అంతస్తు బాల్కనీలోంచి తల ఒకటి బయటికొచ్చింది.

"ఓ ఇన్షిరాహ్ వదినా! పైనున్న నీ గొర్రెని లోపల పెట్టుకో తల్లీ! కిందున్న నాది అన్నం మానేసింది!"